తార్నాక జమాఖర్చు: ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పర్యావరణ సుస్థిరత

చెట్లు నాటాలి, నీటిని పొదుపు చేయాలి, ప్లాస్టిక్ వాడరాదు అనే మూడు వాక్యాలను తెలుగు రాష్ట్రాల్లోని దాదాపు ప్రతి విద్యార్థీ ఐదో తరగతి దాటేలోపే పలుమార్లు రాసి, మార్కులు కూడా తెచ్చుకుని ఉంటాడు. ఆరో తరగతిలో పర్యావరణ పాఠం చెప్పబోయే ఉపాధ్యాయుడికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. విద్యార్థి దగ్గర జవాబులు ముందే సిద్ధంగా ఉంటాయి, వాటికి తగిన ప్రశ్నలే ఇంకా పుట్టి ఉండవు. ఇక్కడ సుస్థిరత అనే మాటకు అర్థాన్ని స్థిరపరచుకోవడం అవసరం. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ 1987లో వెలువరించిన నివేదిక ప్రకారం, రాబోయే తరాలు తమ అవసరాలు తీర్చుకునే శక్తికి భంగం కలగకుండా నేటి తరం తన అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి. పదకొండేళ్ల పిల్లలకు ఈ నిర్వచనం ఉపన్యాసంలా వినిపించవచ్చు గాని, దాన్ని ఒక జమాఖర్చు పుస్తకంగా మార్చి చూపితే వెంటనే అందుతుంది: ఏది ఎక్కడి నుంచి ఎంత వస్తోంది, ఎంత ఖర్చవుతోంది, మిగిలింది ఎక్కడికి పోతోంది అన్నవే అందులోని మూడు పద్దులు. ఈ అధ్యాయం ఆ పద్దులను హైదరాబాదులోని తార్నాకను, దానికి ఆనుకుని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆధారం చేసుకుని ఎలా రాయించవచ్చో వివరిస్తుంది.

మన దేశంలో ఈ బోధన ఉపాధ్యాయుడి ఇష్టాయిష్టాలకు వదిలేసిన విషయం కాదు. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991లోనే పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని ఆదేశించింది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం దాన్ని విడి సబ్జెక్టుగా కాక అన్ని సబ్జెక్టుల్లో కలిపి చెప్పాలని సూచించింది. కలిపి చెప్పడమనే ఆ సూచన ఆచరణలో ఎవరికీ చెందని పనిగా మారిపోవడం చాలా పాఠశాలల్లో కనిపిస్తుంది: సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు అది సామాన్య శాస్త్రంలో వస్తుందని, సామాన్య శాస్త్ర ఉపాధ్యాయుడు అది సాంఘికంలో ఉందని అనుకుంటారు, గణిత ఉపాధ్యాయుడిని ఎవరూ అడగరు. నిజానికి జమాఖర్చు పద్ధతిలో ముందుగా పిలవవలసింది గణిత ఉపాధ్యాయుడినే.

వయసు కూడా ఈ పద్ధతికి అనుకూలమైనదే. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే పరిశీలన ప్రకారం పిల్లలు పదకొండు, పన్నెండేళ్ల ప్రాంతంలో అమూర్త ప్రచాలక దశలోకి, అంటే కంటికి కనిపించని సంబంధాలను, ఇలా జరిగితే ఏమవుతుందన్న ఊహలను తర్కంతో పట్టుకోగలిగే దశలోకి అడుగుపెడతారు. అందరూ ఒకేసారి అడుగుపెట్టరు కాబట్టి, చేత్తో కొలిచిన వస్తువుతో మొదలుపెట్టి కనిపించని దానివైపు నడిపించడమే క్షేమం. భూగర్భ జలం గురించి మాట్లాడే ముందు డబ్బాలో పోసిన నీళ్లు ఇంకడాన్ని చూడాలి.

రాయి, వాన, పైపు

తార్నాక చుట్టుపక్కల ఉన్నంత బోధన సామగ్రి ఒకే చోట దొరకడం అరుదు. ఒకవైపు 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన మట్టినేల, పొదలు, బండరాళ్లు. మరోవైపు మట్టి దాదాపుగా కనిపించని అపార్ట్‌మెంట్ వీధులు, మెట్రో స్తంభాలు. మధ్యలో జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, కొంచెం ముందుకు ఉప్పల్ దారిలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. విద్యార్థులను బస్సెక్కించి దూరంగా ఏ అభయారణ్యానికో తీసుకువెళ్లడం కంటే ఈ రెండు మూడు కిలోమీటర్ల పరిధిలో నడిపించడం వల్ల నేర్చుకునేది ఎక్కువ. ఎందుకంటే అభయారణ్యంలో విద్యార్థి అతిథి, తార్నాకలో అతడు వాడకందారు.

జమాఖర్చులో మొదటి పేజీ నీటిది కావాలి. దానికి ఎక్కువ రోజులు కేటాయించినా నష్టం లేదు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముందు నిలబడి దాని గ్రానైటు గోడను తాకించడంతో పాఠం ఆరంభించవచ్చు. ఇదే జాతి రాయి తార్నాక ఇళ్ల కింద కూడా పరుచుకుని ఉంది. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఇసుకనేల మాదిరిగా గ్రానైటు తన ఒంట్లో నీటిని దాచుకోలేదు. నీరు నిలిచేది రెండు చోట్లే: పైభాగంలో రాయి చివికి మట్టిగా, మొరంగా మారిన పొరలోను, ఆ కింద రాతిలో ఏర్పడిన పగుళ్లలోను. మొదటిదాన్ని శైథిల్య పొర అంటారు. పక్కపక్క ఇళ్లలో ఒక బోరులో నీళ్లు పడి మరో బోరు ఎండిపోవడానికి కారణం ఈ పగుళ్లే గాని వాస్తు కాదు, కొబ్బరికాయ అరచేతిలో నిలబడటమూ కాదు. పాతకాలపు బావులు శైథిల్య పొరలోని నీటిమీద ఆధారపడితే, నేటి బోర్లు పగుళ్లలోని నీటిని తోడతాయి. పై పొర ఎండిపోయాక పగుళ్లకు చేరే నీరూ తగ్గుతుంది. ప్రాంగణంలో మహలఖా బాయి చందా కాలానికి చెందినదిగా చెప్పే మెట్లబావి ఉంది. 1768 నుంచి 1824 వరకు జీవించిన ఆ ఉర్దూ కవయిత్రికి ఆదిక్‌మెట్ ప్రాంతం జాగీరుగా ఉండేది. బావిలోకి దిగే మెట్లు నీటిమట్టం మారుతుందని ముందే ఒప్పుకుని కట్టినవని, వేసవిలో నాలుగు మెట్లు ఎక్కువ దిగవలసి వచ్చినవాడికి నీరెంత తరిగిందో కాళ్లే చెప్పేవని, మోటారు స్విచ్ ఆ కబురును దాచేసిందని విద్యార్థులే గ్రహించేటట్లు ప్రశ్నలు వేయవచ్చు. అంచుల దగ్గర పెద్దల పర్యవేక్షణ, ప్రాంగణంలో తిరగడానికి విశ్వవిద్యాలయ అధికారుల ముందస్తు అనుమతి తప్పనిసరి.

తరువాతి పని ఇంకుదలను, అంటే నేల ఎంత వేగంగా నీటిని పీల్చుకుంటుందో కొలవడం. పది సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఖాళీ పాలపొడి డబ్బాకు రెండువైపులా మూత తీసేసి (పదునైన అంచులను పెద్దలు వంచి ఇవ్వాలి), నేలలోకి మూడు వేళ్ల లోతు దించి, అందులో 785 మిల్లీలీటర్ల నీరు పోయాలి. 785 ఎందుకన్నది వృత్త వైశాల్యం నేర్చుకున్న విద్యార్థి తానే లెక్కకట్టి చెప్పగలడు. డబ్బాలో నీరు నేలకు పైన సరిగ్గా పది సెంటీమీటర్ల ఎత్తు నిలుస్తుంది. అది పూర్తిగా ఇంకడానికి పట్టిన సమయాన్ని ప్రాంగణంలో చెట్టు కింద ఆకులు కుళ్లిన మట్టిలో ఒకసారి, ఉదయపు నడకవాళ్లు తొక్కి గట్టిపరచిన బాటమీద ఒకసారి, ఆటస్థలంలో ఒకసారి, తిరిగి తార్నాకలో ఇంటి ముందు రాళ్ల పలకల సందున మిగిలిన మట్టిలో ఒకసారి నమోదు చేయాలి. సంఖ్యలు ఏడాదిలో ఏ నెలలో కొలిచారన్నదాన్ని బట్టి మారతాయి కాబట్టి ఉపాధ్యాయుడు ‘సరైన జవాబు’ను ముందుగా చెప్పకూడదు. చెట్టు కింద నేలకూ తొక్కిన నేలకూ మధ్య ఉండే తేడా మాత్రం ఏ కాలంలోనైనా పిల్లలను ఆశ్చర్యపరిచేదే. పచ్చగా కనిపించే చోటంతా నీటిని ఇంకించుకోదన్న విషయం ఇక్కడ అనుభవంలోకి వస్తుంది; గట్టిపడిన గడ్డిమైదానం చాలాసార్లు విద్యార్థుల అంచనాను తలకిందులు చేస్తుంది.

ఇంకనిది ఎటు పోతుందన్న ప్రశ్న వరదకు దారితీస్తుంది. 2020 అక్టోబరు మధ్యలో కురిసిన భారీ వర్షాలకు తార్నాక పక్కనే ఉన్న హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీలు నీట మునిగాయి. ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్నవారికి అప్పటి సంగతి లీలగానైనా గుర్తుండవచ్చు, లేకపోతే ఇంట్లో అడిగి రాసుకోవచ్చు. అంతకు శతాబ్దం ముందు, 1908 సెప్టెంబరులో, మూసీ వరద నగరాన్ని ముంచెత్తి వేలమందిని బలిగొన్న తర్వాతే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీరు ఇచ్చాయన్న అంశం సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడికి దొరికే మంచి కొక్కెం: ఒకే నీరు ఎక్కువైనప్పుడు ఖర్చు పద్దులోకి, నిలబెట్టుకున్నప్పుడు జమ పద్దులోకి చేరుతుంది.

ఇక డాబా లెక్క. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుందనుకుంటే, వంద చదరపు మీటర్ల డాబా మీద 80,000 లీటర్లు పడతాయి. ఆవిరికి, చిమ్మిపోయేదానికి ఐదో వంతు తీసేసినా 64,000 లీటర్లు మిగులుతాయి. 2021 జనవరి నుంచి నగరంలో ఇంటికి నెలకు ఉచితంగా ఇస్తున్న నీరు 20,000 లీటర్లు కాబట్టి, ఒక డాబా వాన మూడు నెలల పైచిలుకు వాడకానికి సమానం. చాలా పుస్తకాలు ఇక్కడే ఆగి ఇంకుడు గుంతను సర్వరోగ నివారిణిగా చూపిస్తాయి. తార్నాకలో పాఠం ఇంకొక్క మెట్టు ముందుకు పోవాలి. రెండు వందల చదరపు మీటర్ల డాబా కింద పది కుటుంబాలు ఉండే అపార్ట్‌మెంటులో అదే లెక్క కట్టిస్తే కుటుంబానికి వచ్చేది 12,800 లీటర్లే, అంటే నెల రోజులకైనా చాలదు. ఇంకుడు గుంత అవసరమే, అయినా జనం నిలువుగా పెరిగిన చోట అది ఒక్కటే సరిపోదని, నగరం బయటి నదుల మీద ఆధారపడక తప్పని స్థితి ఎలా వచ్చిందో విద్యార్థులు ఈ భాగహారంతోనే అర్థం చేసుకుంటారు.

ఆ నదులు ఎంత దూరం? గోదావరి నీరు ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా, కృష్ణా నీరు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి నగరానికి చేరుతుంది. తమ వీధికి వచ్చేది ఏ నది నీరో జలమండలి లైన్‌మన్‌ను అడిగి తెలుసుకురావడం ఇంటిపనిగా ఇవ్వదగింది. అడగడం, అడిగింది రాసుకోవడం కూడా ఈ చదువులో భాగమే. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి సుమారు 180 మీటర్లు. హైదరాబాదు 500 మీటర్లకు పైన ఉంది. వెయ్యి లీటర్ల నీటిని 320 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి, పంపుల్లో జరిగే నష్టాన్ని కూడా కలుపుకుంటే, ఒక యూనిట్‌కు మించి విద్యుత్తు కావాలి. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఖర్చయ్యే శక్తి. బొగ్గు ప్రధానంగా ఉన్న మన విద్యుత్ వ్యవస్థలో దానికి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. ఆ విధంగా కుళాయి కింద మర్చిపోయిన బకెట్టుకు, ఎక్కడో మండిన బొగ్గుకు నడుమ ఉన్న దారి నాలుగు అంకెల్లో తేలిపోతుంది. వాడిన నీటి సంగతీ చూడాలి. మూసీ ఒడ్డున అంబర్‌పేటలో ఉన్న మురుగునీటి శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. శుభ్రం చేయడానికి కూడా మళ్లీ విద్యుత్తే కావాలి.

చెత్త ఎక్కడికి పోతుంది

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంట్లోనే తడి, పొడి, ప్రమాదకర చెత్తను వేరుచేయాలని నిర్దేశించాయి. ఈ వర్గీకరణను పిల్లలు ఒక్క పీరియడ్‌లో నేర్చుకుంటారు, మరుసటి రోజు ఇంట్లో అమలు చేయిస్తారు, వారం తిరక్కుండానే చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలో అన్నీ ఒకటైపోవడం చూసి నిరుత్సాహపడతారు. చాలా పర్యావరణ పాఠాలు చతికిలబడేది ఈ ఘట్టంలోనే. దీన్ని దాచిపెట్టి మళ్లీ నినాదం చెప్పడం కంటే, ఆటో కార్మికుడికి వేరుగా ఉంచడం ఎప్పుడు లాభసాటి, ఎప్పుడు భారం అన్నది విద్యార్థుల చేత విచారింపజేయడం మేలు. అట్టపెట్టెలు, సీసాలు అమ్ముకుంటే వచ్చే డబ్బు అతడి ఆదాయంలో భాగం. తడిసి ముద్దయిన అట్టకు ధర ఉండదు. ఇంట్లో వేరుచేయడం వల్ల భూగోళం కంటే ముందు బాగుపడేది ఆ మనిషి చేతులు.

తడిచెత్త విలువకు ఉదాహరణ తార్నాకలోనే తయారైంది. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతితో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో ఒక బయోగ్యాస్ కేంద్రం నడుస్తోంది; గాలి చొరబడని తొట్టెలో సూక్ష్మజీవులు కూరగాయల వ్యర్థాన్ని కుళ్లబెట్టినప్పుడు వెలువడే మీథేన్‌తో అక్కడ విద్యుత్తు తయారు చేస్తారు. రోజుకు సుమారు పది టన్నుల వ్యర్థం నుంచి 500 యూనిట్లు వస్తాయని 2021 జనవరిలో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ప్రస్తావించడంతో అది దేశం దృష్టికి వచ్చింది. పది టన్నులకు 500 యూనిట్లంటే కిలోకు యూనిట్‌లో ఇరవయ్యో వంతు. మధ్యాహ్న భోజనంలో పాఠశాల పారేసిన అన్నం, కూర ఒక రోజు తూచి ఐదు కిలోలు వచ్చిందనుకుంటే, అదే నిష్పత్తిలో పావు యూనిట్; తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక రోజుకు కొంచెం పైగా వెలుగుతుంది. ఈ జవాబు వినగానే కొందరు పిల్లలు చప్పట్లు కొడతారు, కొందరు ‘అంతేనా’ అంటారు. రెండో వర్గాన్ని ముందుకు పిలవాలి. ఆ ఐదు కిలోల అన్నం వెనుక ఉన్న పొలం నీరు, ఎరువు, రవాణా, వండిన గ్యాసు లెక్క వేస్తే బల్బు వెలుగు ఏ మూలకూ రాదు. పారేసినదాన్ని ఇంధనంగా మార్చడం మంచిదే గాని పారేయకపోవడానికి అది ప్రత్యామ్నాయం కాలేదు. పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువలను పట్టికలుగా ప్రచురించింది. వరి, జొన్న, రాగి వరుసలను పక్కపక్కన చూసి, ఏ పంటకు తక్కువ నీరు చాలునో ఇంట్లో పెద్దలనో ఊళ్లోని రైతునో అడిగి తెలుసుకుంటే ఆహారం, నీరు ఒకే పేజీలోకి వస్తాయి.

చెట్ల విషయం క్లుప్తంగా. నాటిన మొక్కల సంఖ్యను విజయానికి కొలమానం చేయడం తెలంగాణలో అందరికీ అలవాటైన పద్ధతి. త్వరగా పెరుగుతుందని రోడ్ల మధ్య విరివిగా నాటిన కోనోకార్పస్ మీద తరువాత అభ్యంతరాలు వచ్చి, రాష్ట్రంలో దాన్ని నాటడం ఆపేయాలని నిర్ణయించడం పిల్లలకు చెప్పదగిన ఉదంతం. ఏ చెట్టు, ఏ చోట, ఎవరి కోసం అన్న ప్రశ్నలు అడగకుండా పచ్చదనం మీద మాట్లాడలేమని అది చూపుతుంది. ప్రాంగణంలో ఒక వేపచెట్టునో చింతచెట్టునో ఎంచుకుని దానిమీద వాలే పక్షులను, పాకే పురుగులను అరగంట లెక్కించి, అదే పని రోడ్డు మధ్య అలంకార మొక్క దగ్గర చేయించడం సరిపోతుంది. ఒక మధ్యాహ్నం చెట్టు నీడలోను, తార్నాక కూడలి దగ్గరి కాలిబాట మీద కూడా ఒకే ఉష్ణమాపకంతో కొలిస్తే పట్టణ ఉష్ణద్వీపం, అంటే సిమెంటూ తారూ వేడిని పట్టి ఉంచడం వల్ల చుట్టూ ఉన్న నేల కంటే నగరం ఎక్కువ వేడెక్కే స్థితి, విడిగా వివరించే పని ఉండదు.

భయం, నేరభావం, మార్కులు

అమెరికా విద్యావేత్త డేవిడ్ సోబెల్ 1996లో ఒక హెచ్చరిక చేశాడు: తమ పరిసరాలతో ఇంకా చెలిమి కుదరని చిన్న పిల్లలకు దూరపు వినాశనాల చిత్రాలు చూపితే ప్రకృతి మీద ప్రేమకు బదులు పర్యావరణ భీతి, అంటే ఆ ప్రస్తావన వస్తేనే ముఖం తిప్పుకునే భయం, పుడుతుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులవారు కఠిన వాస్తవాలను వినగల వయసుకు వచ్చినవారే, అయితే ప్రతి కఠిన వాస్తవం పక్కన వారు కొలవగలది ఒకటి ఉండాలి.

భయం కంటే తక్కువగా చర్చకు వచ్చేది నేరభావం. తార్నాక పరిసరాల్లోని ఒకే తరగతి గదిలో రోజంతా నీళ్లొచ్చే అపార్ట్‌మెంటు పిల్లవాడు, రోజు విడిచి రోజు వచ్చే కుళాయి దగ్గర బిందెలు పట్టి బడికి వచ్చే బస్తీ పిల్ల పక్కపక్కన కూర్చుంటారు. ఇద్దరినీ ఒకేలా ‘నీరు పొదుపు చేయండి’ అని ఆదేశించడం న్యాయం కాదు. ఆ పిల్ల ఇంటి వాడకం ఇప్పటికే పొదుపుకు కింది గీతలో ఉంటుంది. వాడకపు లెక్కలను పేర్లు లేకుండా సేకరించి, తరగతి మొత్తానికి కనిష్ఠ, గరిష్ఠాలను మాత్రమే బోర్డు మీద రాయడం ఇందుకు ఒక మార్గం. ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు, వ్యత్యాసం మాత్రం అందరికీ కనిపిస్తుంది. అదే విధంగా, చిత్తుకాగితాలు ఏరే కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి తరగతిలో ఉంటే, ఏ ప్లాస్టిక్‌కు ఎంత ధర పలుకుతుందో ఉపాధ్యాయుడికన్నా అతడికే బాగా తెలుసు. అతడు తానుగా ముందుకు వస్తే ఆ జ్ఞానానికి స్థానం ఇవ్వాలి, బలవంతం చేయరాదు. విద్యార్థి చేతిలో లేనిదాన్ని, అంటే మురుగుకాల్వ వెడల్పును, చెత్త రవాణా ఒప్పందాన్ని, కాలనీలో చెరువు హద్దును, అతడి సొంత అలవాట్ల జాబితాలో కలపకూడదు. వాటికి వేరే పేజీ ఉండాలి. ఆ పేజీ నుంచి పుట్టేది కార్పొరేటర్‌కో జలమండలికో తరగతి తరఫున రాసే ఉత్తరం.

బయటి సాయం అంత దుర్లభం కాదు. 2017లో మొదలైన జిజ్ఞాస కార్యక్రమం కింద శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) ప్రయోగశాలలు పాఠశాల విద్యార్థులను లోపలికి ఆహ్వానిస్తాయి. సెప్టెంబరు 26 వ్యవస్థాపక దినం, ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినం అందుకు అనువైన సందర్భాలు. అయితే ప్రయోగశాల సందర్శన డబ్బాతో ఇంకుదల కొలిచాకే జరగాలి. సొంత అంకెలు చేతిలో ఉన్న విద్యార్థి శాస్త్రవేత్తను ప్రశ్న అడుగుతాడు. అవి లేనివాడు ఫొటో దిగి వస్తాడు.

చివరికి మూల్యాంకనం. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో సరిగ్గా ఈ మూడు తరగతుల కోసమే మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం పిల్లలతో ప్రయోగాలు, క్షేత్ర పర్యటనలు చేయించడంతో ఆగక, పుస్తకం తెరిచి రాసే పరీక్ష పెట్టింది. ప్రశ్న మారితే గాని చదివే తీరు మారదని ఆ బృందం గుర్తించింది. తెలంగాణ పాఠశాలల నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి ఇప్పటికే మార్కులు ఉన్నాయి. ఆ మార్కుల కోసం ఫ్యాన్సీ షాపులో థర్మకోల్ షీటు, మెరుపు కాగితం, జిగురు కొని ‘పర్యావరణాన్ని కాపాడుదాం’ అన్న నమూనా తయారు చేసి, వారం తిరగ్గానే చెత్తబుట్టలో పడేయడం ఏటా జరిగే తంతు. దానికి బదులు మాసిన నోటుబుక్కులో తేదీలతో, చోట్ల పేర్లతో రాసుకున్న కొలతలకు మార్కులు ఇస్తానని సంవత్సరం ఆరంభంలోనే ప్రకటించాలి. రెండుసార్లు కొలిస్తే వేర్వేరు సంఖ్యలు వచ్చినప్పుడు రెండింటినీ ఉంచి, తేడాకు తోచిన కారణం రాసినవారికి కొట్టివేత లేని శుభ్రమైన పట్టిక ఇచ్చినవారికంటే ఒక మార్కు ఎక్కువ పడాలి. ప్రశ్నపత్రంలో ‘నీటి పొదుపు మార్గాలు ఐదు రాయండి’ అన్నచోట, నలభై చదరపు మీటర్ల రేకుల ఇంటి మీద ఒక సాయంత్రం ఇరవై ఐదు మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని డ్రమ్ములు నిండుతాయి, ఆ ఇంటివారికి నిజానికి ఎన్ని డ్రమ్ములు ఉంచుకునే చోటు ఉంటుంది అని అడగవచ్చు. మొదటి సగానికి జవాబు గణితంలో దొరుకుతుంది. రెండో సగానికి విద్యార్థి ఎవరి ఇంటికో వెళ్లి చూసి రావాలి.